ఇంటర్వెల్ దాకా చాలు

మా అన్నయ్య లెక్క ప్రకారం నా బుర్ర పాడైంది లారీ నడిపే అమ్మాయి సినిమా వల్ల. చూసిన సినిమానే మళ్లీ మళ్లీ చూసేవాళ్లకి ఏదో జబ్బు ఉంటుందని ఆయనకెవరో ఫార్వర్డ్ చేశారు. ఆయన దాన్ని నాకు ఫార్వర్డ్ చేశాడు. ఒకే వార్తను రోజూ నాలుగు చానళ్లలో చూసే మనిషి పేరేమిటో కూడా కనుక్కోమని నేను తిరిగి ఆయనకే పంపాను. యుద్ధం అక్కడ మొదలైంది.

ముందు కాలు సంగతి చెప్పాలి. నేరేడ్‌మెట్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటాను. యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు, చేసుకోనందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. సైనిక్‌పురి వీధుల్లో ఆడవాళ్లకు కారు నడపడం నేర్పిస్తాను. పక్క సీట్లో కూర్చుని, కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ఎంతమంది భయాలు వదలగొట్టానో నాకే తెలియదు. ఇంతమంది కొత్తవాళ్ల పక్కన కూర్చున్నా కారులో నాకు గోరంత గాయం కాలేదు. మా మెట్ల మీదే జారిపడ్డాను. లిఫ్టు చెడిపోయి ఉంది, వానకి మెట్లు తడిసి ఉన్నాయి, చీలమండ విరిగింది. కట్టు వేసి, నెలన్నర పాటు ఆ కాలు కింద పెట్టడానికి వీల్లేదన్నారు. ఇద్దరు మనుషులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చి దింపారు. లిఫ్టుకి కావలసిన సామాను ఎక్కడినుంచో రావాలట. అది వచ్చేదాకా లిఫ్టూ నేనూ ఎక్కడివాళ్లం అక్కడే.

పడ్డ రోజునే అన్నయ్య ఫోన్ చేశాడు.

"చూశావా? నేను ముందే చెప్పానా లేదా? మనిషన్నాక తోడుండాలి. ఇక చాల్లే అమ్మాయ్, ఏ.ఎస్. రావు నగర్ వచ్చెయ్. పూజగది పక్క గది నీకు ఖాళీ చేయిస్తాను. నీ ఫ్లాటులోకి అద్దెకొచ్చేవాళ్లని కూడా చూసి పెట్టాను."

మెట్ల మీద జారిపడటానికీ పెళ్లి చేసుకోకపోవడానికీ సంబంధమేమిటో! మొగుడుంటే మెట్లు ఆరిపోయేవా?

ఆ ఇంటికి వెళ్తే కాలు బాగయ్యాక తిరిగొస్తాననేది ఉత్త మాట. అన్నయ్య మంచివాడు. మంచివాడు కాబట్టే నాకు భయం. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పంపెయ్యొచ్చు, ప్రేమగా వచ్చి కారు తాళాలు అడిగేవాణ్ణి ఏం చేస్తాం? అద్దెవాళ్లు దిగుతారు, కారు అమ్ముడుపోతుంది, నేను పూజగది పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటూ, ఆయన పెట్టిన చానలే చూస్తూ బతకాలి. చస్తే వెళ్లను అనుకున్నాను. రెండో అంతస్తులో ఉండే ఆపా రెండు పూటలా అన్నం తెస్తానంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది, వాళ్లాయనకి సోఫాలు బాగుచేసే దుకాణం ఉంది. నాకన్నా కాస్త పెద్దది కాబట్టి ఆపా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. మా ఇంటి తాళంచెవి ఒకటి ఆమెకిచ్చాను. ఇంకేం కావాలి?

మేనల్లుడు వచ్చి టీవీలో ఏవేవో పెట్టి, "అత్తా, వేల సినిమాలున్నాయి, చూస్తూ కూర్చో" అని చెప్పి పోయాడు. చూస్తూ కూర్చోలేదు, వెతుకుతూ కూర్చున్నాను. బొమ్మలు పక్కకి జరుపుతూ, జరుపుతూ, బొటనవేలు నొప్పెట్టి, ఏదీ చూడకుండానే కునుకు తీసేదాన్ని. పైగా అందరూ సలహాలు. కాలు విరిగిన మనిషికి మంచం పట్టిన తల్లి కథ చూడమని చెప్పేవాళ్లని ఏమనాలి? ఒక శిష్యురాలు అవార్డు వచ్చిన సినిమా చూడమంది. అందులో ఒకాయన కిటికీలోంచి వాన చూస్తాడు, అంతే. ఆ భాగ్యం నాకు టీవీ లేకుండానే ఉంది.

ఒక మధ్యాహ్నం వాకర్ పట్టుకుని బాత్రూం నుంచి వస్తూ సగం దారిలో ఆగిపోయాను. ఒంటికాలి మీద గెంతే సత్తువ అయిపోయింది. ముందుకీ పోలేను, వెనక్కీ పోలేను. గోడకి ఆనుకుని భోరుమని ఏడ్చాను. అన్నయ్య చెప్పిందే నిజమేమో, ఇక నావల్ల కాదేమో అనిపించింది. ఎలాగో మంచం మీదికి చేరాను. మనసు మళ్లించుకోవడానికి కొత్త సినిమా ఏదైనా పెడదామంటే, అందులో ఏం జరుగుతుందో తెలియదన్న ఆలోచనే భరించలేకపోయాను. చిన్నప్పుడు చూసిన ఒక నవ్వుల సినిమా దొరికితే అదే పెట్టాను. అద్దెవాళ్లని పీడించే ఇంటి యజమాని మేడ మీద నుంచి తూలి ఊక బస్తాల మీద పడతాడు. పడతాడని నాకు తెలుసు. పడ్డాడు. మళ్లీ పెట్టాను, మళ్లీ పడ్డాడు. మాట తప్పని మనిషంటే అలా ఉండాలి! కళ్లు తుడుచుకుని పకపకా నవ్వాను.

ఆ రోజే తీర్మానం చేసుకున్నాను. కట్టు విప్పేదాకా మూడే సినిమాలు, తిప్పి తిప్పి అవే. బస్తాల సినిమా ఒకటి. లారీ పిల్లది రెండోది. తండ్రి పోతే ఆయన లారీ తనే తీసుకుని ఘాటు రోడ్డు మీద సరుకు తోలే అమ్మాయి కథ అది. స్టీరింగు పట్టుకున్న పద్ధతి తప్పు, నేను పక్కనుంటే చేతి మీద ఒక్కటి వేద్దును. కానీ అద్దంలో వెనకవాళ్లని చూసే చూపు ఉంది చూశారూ, ఆ చూపు నేర్పించడానికి నాకు తల ప్రాణం తోకకొస్తుంది. ఇక మూడోది దెయ్యం సినిమా. పాత బంగళాలో ఉండే ఆడ దెయ్యం, ఇల్లు కొనడానికి వచ్చినవాణ్ణల్లా వంటింటి గిన్నెలతో కొట్టి తరుముతుంది. "ఇది నా ఇల్లు" అంటుంది. అన్నయ్య ఫోన్ పెట్టేశాక ఎప్పుడూ ఇదే పెట్టేదాన్ని.

అయితే బస్తాల సినిమా ఒక్కటే చివరిదాకా. మిగతా రెండూ ఇంటర్వెల్ దాకానే. తెర మీద 'విశ్రాంతి' అని పడగానే ఆపేసి మళ్లీ మొదటికి వెళ్తాను. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి. హీరో లారీ పిల్లని చెంప మీద ఒక్కటి కొడతాడు, ఆ దెబ్బకి ఆమెకి బుద్ధీ సిగ్గూ పట్టుచీరా ఒకేసారి వచ్చేస్తాయి. అప్పట్నుంచి లారీ ఆయన నడుపుతాడు, ఈమె క్యారేజీ తెస్తుంది. దెయ్యాన్ని మాంత్రికుడొచ్చి సీసాలో దింపి ఏట్లో పారేస్తాడు. ఇంటి కోసం పోట్లాడినందుకు దానికి జరిగిన మర్యాద అది! ఒకప్పుడు హాల్లో తలుపులేసేవాళ్లు, డబ్బులిచ్చాం కదా అని కూర్చుని చూసేవాళ్లం. ఇప్పుడు ఎవడు చూడమన్నాడు?

ఆపాకి మాత్రం ఇది మింగుడుపడలేదు.

"ఏంది చెల్లె, గిట్ల సగంల బంద్ చేస్తవ్? అసల్ కథ ఇప్పుడే షురూ అయితది గదా!"

"అసలు కథ అయిపోయింది ఆపా."

"ఏడ అయిపోయింది? పెండ్లి కాలే, ఏం కాలే. అన్నం వెట్టి కూర వెయ్యనట్టున్నది. నాకైతే మస్తు పరేషాన్ అయితున్నది."

"ఆ కూర నాకు పడదు."

ఆపా అలిగి కిందికి వెళ్లిపోయి, మిగతా సగం తన ఫోనులో చూసుకుంది. మర్నాడు పొద్దున చాయ్ తెచ్చి కప్పు ఠపీమని బల్ల మీద పెట్టింది. "వాడు గట్ల కొట్టుడేంది? లారీ ఎవ్వలది, వాని అయ్యదా?" అంది. ఆనాటి నుంచి విశ్రాంతి పడీ పడకముందే రిమోట్ తనే లాక్కునేది.

ఇదంతా నేను దాచలేదు. ఏం చూస్తున్నావత్తా అని మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో అడిగితే ఉన్నదున్నట్టు రాశాను. ఆ తర్వాతే జబ్బు గురించిన ఫార్వర్డ్ వచ్చింది, వెనకాలే అన్నయ్య ఫోన్.

"అసలు ముందు చూసినట్టు నీకు గుర్తుంటోందా?"

"గుర్తుండబట్టే చూస్తున్నాను."

"సగంలో ఆపేస్తున్నావట. ఒకదాని మీద మనసు నిలవకపోవడం కూడా దానికి లక్షణమేనని రాశారు."

"మళ్లీ చూస్తే మతిమరుపు, సగంలో ఆపితే మనసు నిలవదు. నేను కళ్లు మూసుకుంటే ఏం జబ్బో అది కూడా పంపించు అన్నయ్యా."

ఆయన నవ్వలేదు. నిజంగానే దిగులుపడ్డాడు, అది గొంతులో తెలిసింది. "నీతో వాదించలేనమ్మా. ఒంటరిగా ఉండి ఉండి ఇలా అయిపోయావు. ఆదివారం వస్తున్నాం. మీ వదిన బట్టలు సర్దుతుంది. కిందికి దింపడానికి మనుషుల్ని మాట్లాడాను. అద్దెవాళ్లు ఒకటో తారీకున దిగుతారు."

ఫోన్ పెట్టేశాక ఒళ్లంతా మండిపోయింది. నా ఇంట్లో ఎవరు దిగుతారో, నేను ఎప్పుడు దిగుతానో అన్నీ నిర్ణయమైపోయాయి, నేను తప్ప అందరూ ఒప్పుకున్నారు. కానీ మండి ఏం లాభం? ఇద్దరు మగవాళ్లు వచ్చి కుర్చీ ఎత్తితే నేను ఒంటికాలితో ఏం చేయగలను? గిన్నెలు విసరనా?

ఆదివారం పొద్దున కారు చప్పుడు వినబడింది. అన్నయ్య మోకాళ్లకి మూడంతస్తులు ఎక్కడం కష్టం, ఆయన కారులోనే ఉండిపోయాడు. మాట్లాడుకొచ్చిన మనుషులు కింద మెట్టు మీద కూర్చున్నారు. వదిన ఒక్కతే ఖాళీ సంచులు పట్టుకుని ఆయాసపడుతూ పైకొచ్చింది. నేను మొండిగా లారీ సినిమా పెట్టుకుని కూర్చున్నాను.

వదిన సంగతి ఒక్క మాట. ఆమె గొంతు పెంచి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. నా దగ్గర డ్రైవింగు నేర్చుకుంటానని ఒకసారి అడిగింది. "ఈ వయసులో నీకెందుకే, నేనున్నాగా" అని అన్నయ్య నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

"ఏవి సర్దమంటావు?" అంది బీరువా తెరుస్తూ.

"ఏవీ వద్దు వదినా. నేను రాను. కట్టు విప్పాక నా కారు నేనే నడుపుకుంటూ మీ ఇంటికి భోజనానికొస్తాను. కుర్చీలో మోయించుకుని మాత్రం రాను." అని టీవీ సౌండు పెంచాను.

"ఆయన కింద ఉన్నారమ్మా" అంది వదిన. రెండు చీరలు తీసి చేతి మీద వేసుకుంది. అంతలో తెర మీద లారీ పిల్ల, దారికి అడ్డంగా నిలబడ్డ రౌడీల మీదికి హారన్ మోగించుకుంటూ బండి ఉరికించింది. వాళ్లు పక్కనున్న పొలంలో బురదలో పడ్డారు. వదిన ఫక్కున నవ్వింది. చీరలు చేతిమీద ఉండగానే మంచం అంచున కూర్చుంది. తర్వాత కాళ్లు పైకి పెట్టుకుంది. ఇద్దరం కలిసి చూశాం. విశ్రాంతి పడగానే ఆపేశాను.

"అదేంటి? తర్వాతేమవుతుంది?"

"హీరో చెంప మీద కొడతాడు. మంచిదైపోతుంది. లారీ ఇచ్చేస్తుంది."

వదిన చేతిమీది చీరలు ఒళ్లో పెట్టుకుంది.

"అలా ఆపెయ్యొచ్చా?" అంది.

రిమోట్ ఆమె చేతిలో పెట్టాను. ఈలోగా ఆమె ఫోన్ మోగింది. అన్నయ్య గొంతు నాక్కూడా వినబడేంత గట్టిగా ఉంది.

"ఎంతసేపే? మనుషుల్ని పైకి పంపించనా?"

వదిన లేచి చీరలు బీరువాలో పెట్టి తలుపు వేసింది. "వద్దండీ, పంపించెయ్యండి. మీ చెల్లెలు రాదు."

"రాదంటే? కాలు విరిగిన మనిషి ఎలా ఉంటుంది ఒక్కతే?"

"నేనుంటాను."

"నీకేం వచ్చింది? నీ కాలు బాగానే ఉందిగా, దిగి రా!"

"బాగానే ఉందండీ," అంది వదిన, గొంతు పెంచకుండానే. "నేను కూడా దిగట్లేదు."