నాలుక కింద పావు ముక్క

రాయడం నాకు అలవాటు లేదు. తెలుగు బడిలో ఐదో తరగతితోనే ఆగిపోయాను. అయినా ఈ సంగతి ఇంకొకరి చేత రాయిస్తే మెత్తగా రాసేస్తారు. అందుకే నేనే కూర్చున్నాను.

తొలి కాన్పుకి నెలలు నిండాయి, తేదీ దాటింది, నొప్పులు రాలేదు. మేముండే ఈ హిందీ ఊళ్లో, గోల్‌మురి పేటలో ఒక చిన్న నర్సింగ్‌హోంలో చేరాను. అమ్మ తోడుంది. మధ్యాహ్నం నర్సు వచ్చింది. మన తెలుగువాళ్ల పిల్లే, పక్కపేట బారిడీహ్ నుంచి వస్తుంది. మాత్రని బ్లేడుతో నాలుగు ముక్కలు కోసి, ఒకటి పట్టుకుని, “నోరు తెరు అక్కా, నాలిక కింద పెడతాను” అంది.

“ఏటికది?”

“నొప్పులు రావడానికి.”

“మరి కొయ్యడమేటి?”

“ఇది కడుపులో పుండుకి చేసిన మాత్రే. కాన్పుకి అంత అక్కర్లేదు.”

“నాకు పుండు లేదు కదా,” అని నోరు మూసేశాను.

అమ్మకి కోపం వచ్చింది. “నోర్మూసుకుని మింగెయ్యే. ఆళ్లకి తెలీదేటి?”

“నోరు మూసుకుంటే ఎలాగ పెట్టను పిన్నీ,” అని నర్సు నవ్వింది.

నేను నవ్వలేదు. వీళ్లు పొమ్మంటే ఈ కడుపుతో ఎక్కడికి పోతాను? అయినా తెరవలేదు.

డాక్టరమ్మ వచ్చింది. ఎంతవరకు చదివావని హిందీలో అడిగింది. ఐదు అన్నాను.

“చెబితే అర్థమవుతుందా?”

“ముందు చెప్పండి. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను.” నేనూ హిందీలోనే అన్నాను.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. పుండు మాత్రే అయినా గర్భసంచి మూతిని మెత్తబరుస్తుందట, ఎన్నో ఏళ్లుగా డాక్టర్లు కాన్పుకి వాడుతున్నారట. ఎక్కువైతే నొప్పులు ఒకదాని మీద ఒకటి వచ్చి బిడ్డ అలిసిపోతుందట. అందుకే కొంచెమే పెట్టి, బిడ్డ గుండె వింటూ ఉంటారట. పాత ఆపరేషన్ కుట్లు ఉన్నవాళ్లకి పెట్టరట. ఇష్టం లేకపోతే వేరే దారి కూడా ఉందంది.

అంతే. గ్లాసు టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఆ నాలుగు మాటలు ముందే చెప్పడానికి నా చదువు ఏం అడ్డం వచ్చింది?

“వద్దనలేదు నేను. అడిగాను,” అని నోరు తెరిచాను. ముక్క సుద్దలా కరిగింది.

మర్నాడు పాప పుట్టింది. అమ్మ మాత్రం బిర్సానగర్‌లో మా వీధంతా చెప్పుకుంది: “డాక్టరమ్మనే నిలదీసేసింది, దీనికి సిగ్గు లేదు.” లేదు. ఇప్పటికీ లేదు.

మొన్న చెల్లిని కాన్పుకి తీసుకెళ్లాం. నర్సు మాత్ర పట్టుకొచ్చింది. నేను అడిగేలోపే అమ్మ లేచింది.

“ఆగమ్మా. ఏటిది, ఏటికి? కూకుని చెప్పు.”