మేస్త్రీ కూర్చున్న వెనక సీటు

మా సుబేదారి పేటలో డెంటింగ్ షెడ్డు నడిపే మేస్త్రీ పోయాడని దవాఖాన నుంచి ఫోన్ వచ్చి రెండు వారాలైంది. పత్రిక నాలుగు లైన్లు వేసింది: కారు నుజ్జునుజ్జయిందని, అందులోని ఒకరు మరణించారని. ఆ ఒకరు మేస్త్రీయే, వెనక సీట్లో ఉన్నాడు. ముందు, డ్రైవర్ పక్క సీట్లో ఉన్నది నేను. కారు నాది.

నలిగిన బండ్లను సాపు చేయడం ఆయన పని. షెడ్డుకు వచ్చిన ఏ కారునైనా సుత్తి పట్టే ముందు లోపలికి వంగి చూసేవాడు. అద్దం సాలెగూడులా పగిలి ఉంటే, "ఇది తలకాయ సారూ" అనేవాడు. స్టీరింగ్ కింద విరిగిన ప్లాస్టిక్‌ను చూపి, "ఇవి మోకాళ్లు." సీట్ల సందుల్లో దొరికిన గాజుల ముక్కలు, పిల్లల చెప్పులు కడిగి ఒక డబ్బాలో దాచేవాడు. బండి తీసుకుపోయేవాళ్లు వాటిని అడగరు. అయినా చేతిలో పెట్టి పంపేవాడు.

రోజూ నాలుగింటికి నా దగ్గరికి వచ్చేవాడు. రిటైరైన లెక్చరర్‌తో మాట్లాడే తీరిక ఈ ఊళ్లో ఇంకెవరికీ లేదు. శిష్యులు నన్ను సభలకు పిలవడం ఎప్పుడో మానేశారు. వాళ్ల ఉపన్యాసాల్లో నా మాటలు మాత్రం నా పేరు లేకుండా వినబడుతుంటాయి. మేస్త్రీ ఒక్కడే నేను చదివింది చెబితే చివరిదాకా విని, నచ్చకపోతే నచ్చలేదనేవాడు.

పదో రోజున షెడ్డు ముందు కుర్చీలు వేశారు. "ఇప్పటి కార్లు ఉత్త రేకుడబ్బాలు. పాత బండైతే బతికేటోడు," అన్నాడొక పెద్దమనిషి. అందరూ తలూపారు, ఆరోజు బండి నడిపిన నా మేనల్లుడితో సహా. మేస్త్రీ ఉంటే ఊరుకునేవాడు కాదు. "బండి ముక్కు నలగాలె సారూ. దెబ్బ అది తినాలె. అది తినకుంటే మనం తింటం," అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో. నా కారు ముక్కు ఆయన చెప్పినట్టే నలిగింది. సీట్ల చోటు చెక్కుచెదరలేదు. తలుపులు మామూలుగా తెరుచుకున్నాయి. ఛాతీ మీద బెల్టు ఒరుసుకుని కమిలిన చార తప్ప నాకేమీ కాలేదు. ఆ బెల్టు కూడా చలానాకు భయపడి పెట్టుకున్నదే.

ఆ పెద్దమనుషులకు అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

కారు కొన్నప్పుడు లెదర్ సీటు కవర్లు వేయించాను. బిగువుగా రావాలని దుకాణం వాడు వెనక బెల్టుల బకిళ్లను కవరు కిందికి తోసేశాడు. ఒకరోజు మేస్త్రీ సీటు తడిమి చూశాడు.

"బకిళ్లు లోపల పడ్డయి సారూ. జర కోసి బయటికి తీస్తా."

కొత్త కవరు కోయడమేంటి, వెనక కూర్చునేవాళ్లకు బెల్టెందుకు అన్నాను. అన్ని పుస్తకాలు చదివినవాణ్ని.

"మీ ఇష్టం. వెనక కూసునేటోళ్లం మేమే గదా," అని నవ్వాడు.

ఖిలా వరంగల్‌లో ఒక గృహప్రవేశానికి, మేనల్లుడు బండి నడపగా, ముగ్గురం బయల్దేరాం. మేస్త్రీని ముందు కూర్చోమన్నాను. "సారు ఉండంగ నేను ముందల కూసుంటనా," అని వెనక ఎక్కాడు. నేను రెండోసారి అనలేదు. ఆ మర్యాద నాకు ఇష్టం. ఆయన బెల్టు లాగడం, కవరు మీద చేత్తో వెతకడం, వదిలేయడం విన్నాను. దారిలో ముందు పోతున్న ట్రాక్టర్ ఉన్నట్టుండి ఆగింది, మా కారు వెళ్లి దాన్ని గుద్దింది. మా ఇద్దరి ముందూ ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. ఆయన తల నా సీటు వెనక తగిలింది. ఆ దెబ్బ నా వీపుకు తెలిసింది.

కారు ఇంకా ఆయన షెడ్డులోనే ఉంది. సాపు చేసేవాళ్లు లేరు. నిన్న మధ్యాహ్నం బ్లేడు తీసుకుని వెళ్లి, వెనక, ఆయన చోట కూర్చుని కవరు కుట్లు తెంపాను. ఐదు నిమిషాలు పట్టలేదు. బకిల్ బయటికి వచ్చింది. దాని ఎర్ర మీట మీద ఒక్క గీత లేదు.