సమాధానమైనా ఇవ్వు, ఛార్జైనా అప్పజెప్పు

మా కంట్రోల్ రూమ్ సార్ పోయారు. పొద్దున షిఫ్ట్ బస్సులో ఆ మాట చెవిన పడింది. గేటు దగ్గర అందరూ దిగినా నేను సీట్లోనే ఉండిపోయాను. పాశమైలారంలోని మా కెమికల్ ఫ్యాక్టరీలో చాలామందికి ఆయన షిఫ్ట్ ఇన్‌ఛార్జ్. ప్యాకింగ్‌లో డబ్బాలకు లేబుళ్లు అంటించే నాకు మాత్రం ప్రోగ్రామింగ్ గురువు.

ఆయనా ఫోన్‌లో చూసి సొంతంగా నేర్చుకున్నవారే. భోజనాల వేళ క్యాంటీన్ మూలబల్ల మీద పాత ల్యాప్‌టాప్ తెరిచేవారు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఓ బుల్లి ఫ్రేమ్‌వర్క్, అంటే సగం పని ముందే చేసిపెట్టిన కోడ్, నేర్పేవారు. అడిగినవాళ్లకు సమాధానం పంపే ప్రోగ్రాం దాంతో నాలుగు వరుసల్లో తయారవుతుంది. నా మొదటి ప్రోగ్రాం "నమస్తే" అంది. అబ్బ, ఎంత మురిసిపోయానో!

"గింతదానికే సంబురమా? ఇగ పనికొచ్చేది చెయ్యి బిడ్డా" అన్నారు సార్, పెరుగన్నం కలుపుకుంటూ.

పనికొచ్చేది అంటే కంపెనీ బస్సు. ఎప్పుడొస్తుందో తెలియక ఎండలో నిలబడి పరేషాన్ అయ్యేవాళ్లం. డ్రైవర్ ఒక్కో స్టాప్ దాటగానే ఫోన్‌లో నొక్కుతాడు. బస్సు ఎక్కడుందో నా ప్రోగ్రాం చెప్పాలి. అది పనిచేస్తే కంప్యూటర్ సెక్షన్‌లోకి తీసుకుంటానన్నారు మేనేజర్. లేకపోతే మళ్లీ లేబుళ్లే.

తీరా మేనేజర్ గదిలో, సార్ కూడా ఉండగా, బస్సు ఎక్కడుందని ప్రోగ్రాంని అడిగితే పేజీ తిరుగుతూనే ఉంది. తప్పూ చూపదు, జవాబూ ఇవ్వదు. నాకు ఏడుపొచ్చింది. సార్ వైపు చూశాను.

"నన్నేం సూస్తున్నవ్? రిలీవర్ రాకముందే ఎవడో డ్యూటీ దిగి పోయిండు. యాడనో నువ్వే సూడు."

మా దగ్గర తర్వాతి మనిషి వచ్చి ఛార్జ్ తీసుకునేదాకా రియాక్టర్ దగ్గర నుంచి కదలకూడదు. ప్రోగ్రాంలోనూ అంతేనని ఆయన వందసార్లు చెప్పారు. ఏ ఫంక్షనైనా, అంటే ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్క ఏదైనా, తానే సమాధానమివ్వాలి, లేదా తర్వాతి దానికి పని అప్పజెప్పాలి. బస్సు నంబరు సరిచూసే నా ఫంక్షన్ ఆ రెండూ చేయలేదు. చూసి ఊరుకుంది, అంతే. తర్వాతి దానికి అప్పజెప్పే ఒక్క వరుస చేర్చాను.

"ముత్తంగి స్టాప్ దాటింది. పది నిమిషాల్లో గేటు" అని తెర మీద వచ్చింది.

"నిజమేనా?" అన్నారు మేనేజర్.

సార్ లేచారు. టిఫిన్ సంచి భుజాన వేసుకుని, "నా బస్సొస్తుంది, పోతున్న" అంటూ మెట్లు దిగారు.

ఆ ఉద్యోగం నాకొచ్చింది, అంతా ఆయన చలవే. కానీ ఆ రోజు తలుచుకుంటే నాకు ముందు కనిపించేది మేనేజర్ గది కిటికీ. గేటు బయట సార్ వాచ్‌మన్‌తో కబుర్లాడుతూ నిలబడ్డారు. సరిగ్గా పది నిమిషాలకు బస్సు వచ్చి ఆగేదాకా ఒక్కసారి కూడా రోడ్డు వైపు తిరిగి చూడలేదు.