ఆయాసం అక్క కుర్చీ

లోకంలో వ్యాయామం నేర్పేవాళ్ళు అవతలివాళ్ళకి ఆయాసం తెప్పిస్తారు. ఆయాసం అక్క మాత్రం ముందు తనే తెచ్చుకునేది. పొద్దున్నే టీవీలో నవ్వుతూ ప్రత్యక్షమై, "లేవండి, చేతులు పైకి" అని ఇంటింటినీ లేపేది. కాసేపు గెంతి, "అమ్మో, నా వల్ల కాదర్రా" అంటూ పక్కనున్న కుర్చీలో కూలబడేది. తువ్వాలుతో విసురుకుంటూ, "మీరూ కూర్చోండి, చూసేవాళ్ళెవరు?" అనేది. తర్వాత మోకాళ్ళ మీద చేతులానించి లేచి, "పదండి, ఇంకొక్కసారి" అనేది. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా, ఆ కాలంవాళ్ళు మెట్లెక్కి కూర్చునేటప్పుడు "అమ్మో, నా వల్ల కాదర్రా" అనే అంటుంటారు.

ఆ కార్యక్రమం డైరెక్టరుకి ఆ కుర్చీ కంట్లో నలుసు. ఓ రోజు దాన్ని బయట పెట్టించాడు. అక్క నేల మీద చతికిలబడింది. కెమెరాకి ఆవిడ వెనకున్న గోడ తప్ప ఏమీ దొరకలేదు. మర్నాడు కుర్చీ యథాస్థానానికి వచ్చేసింది.

"వంట నేర్పేవాడే రుచి చూసి మొహం చిట్లిస్తే ఎవరు తింటారక్కా?" అన్నాడు డైరెక్టరు.

"ఉప్పెక్కువైందని ముందే చెప్పినవాణ్ణి నమ్ముతారు తమ్ముడూ."

మేకప్ ఆవిడకి మాత్రం అక్క అంటే గర్వం. "నా పౌడరు చూడండి, ఆవిడ ఎంత రొప్పినా చెక్కు చెదరదు" అనేది. డైరెక్టరు అదే పౌడరు వాళ్ళావిడకి కొనిచ్చాడు. మేడ ఎక్కేలోపే అది చారికలు కట్టింది. ఆ పూట ఇంట్లో ఆయనకి జరిగిన మర్యాద ఇక్కడ అనవసరం.

చివరికి ఛానెల్ యజమాని కబురు పంపాడు. "రేపు నేనే వచ్చి చూస్తా. ఆవిడ కుర్చీ ఎక్కిందా, ఎల్లుండి నుంచి ఆవిడ బదులు మొన్న ఉద్యోగం అడగడానికొచ్చిన ఆ కండలవాడే."

డైరెక్టరు అక్క చెవినిల్లు కట్టుకుని పోరాడు. "రేపొక్కరోజు అక్కా. మీకు దణ్ణం పెడతా."

"సరేలే. దాని మొహం కూడా చూడను."

మర్నాడు ప్రసారం మొదలైంది. అక్క రబ్బరు బంతిలా ఎగురుతోంది, వంగుతోంది, నవ్వుతోంది. కెమెరా వెనక నిలబడ్డ యజమానికి ఉత్సాహం పొంగింది. "ఇదేం బ్రహ్మవిద్య?" అని కోటు విప్పి, బొజ్జతో సహా గెంతడం మొదలెట్టాడు. కాసేపటికి మొహం కందగడ్డయింది. ఉద్యోగులంతా చూస్తున్నారు, ఎలా ఆగుతాడు? ఓ చెయ్యి గాల్లో గోడ కోసం వెతుక్కుంటోంది.

అక్క ఓరకంట చూసింది. ఇంకాస్తలో కార్యక్రమం గట్టెక్కుతుందనగా, "అమ్మో, నా వల్ల కాదర్రా" అని కుర్చీలో కూలబడింది. "మీరూ కూర్చోండి."

యజమాని కేబుళ్ళ పెట్టె మీద ధబ్బున కూర్చున్నాడు.

ప్రకటనలు రాగానే డైరెక్టరు తువ్వాలు పట్టుకుని పరుగెత్తాడు. "కొంప ముంచారు కదక్కా" అంటూ ఆవిడ నుదురు తుడవబోయి ఆగిపోయాడు. ఒక్క చెమట చుక్క లేదు. పౌడరు వేసింది వేసినట్టే ఉంది.

"అక్కా, రోజూ ఇంతేనా?"

"మెల్లిగా మాట్లాడు. ఇళ్ళల్లో ముసలివాళ్ళు, లావుపాటివాళ్ళు నాతో సమానంగా చెయ్యలేకపోతే సిగ్గుపడి టీవీ కట్టేస్తారు. మళ్ళీ పెట్టరు. నేనే ముందు కూర్చుంటే వాళ్ళూ కూర్చుని లేస్తారు."

"మరి మీ ఉద్యోగం?"

"ఆయన పడిపోతే నువ్వు లేవనెత్తగలవా?"

ఇంతలో పెట్టె మీంచి గొంతు పెగిలింది. "ఏమయ్యా, ఆ కండలవాణ్ణి రావద్దను." ఇంకాస్త ఊపిరి కూడదీసుకున్నాక మిగతా మాట వచ్చింది. "రేపటికి ఇక్కడ ఇంకో కుర్చీ వేయించు. చేతులున్నది."

ప్రకటనలు అయిపోయాయి. అక్క శ్రద్ధగా రొప్పుతూ, మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "పదండి, ఇంకొక్కసారి."

యజమాని కూడా మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. డైరెక్టరు ఆ తువ్వాలుతో తన మొహమే తుడుచుకున్నాడు.