నాలుగు గంటల లోపు చివరి పేజీ

చివరిపేజీ గారు ఊహ తెలిసిన నాటి నుంచి ఏ కాగితాన్నీ మొదటి నుంచి చదివిన పాపాన పోలేదు. కరెంటు బిల్లైనా, కథల పుస్తకమైనా ఆఖరి పేజీ అట్టడుగు వరసలో మొదలుపెట్టి పైకి పాక్కుంటూ వెళ్ళేవారు. అచ్చాఫీసులో ఆయన ప్రూఫ్‌రీడరు. ప్రూఫులైతే మరీ ఘోరం, ఒక్కో మాటా వెనక నుంచి ముందుకు చదివేవారు. అర్థం తెలిస్తే కన్ను మోసపోతుందట. వెనక నుంచి వస్తే ఏ మాటకా మాట ఒంటరిగా దొరికిపోయి తప్పు ఒప్పుకుంటుందట. పనికి మంచి పద్ధతే. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు దాన్ని కూడా వెంటబెట్టుకుపోవడమే చిక్కు.

ఉద్యోగంలో చేరిన రోజు ఆర్డరు చేతికిస్తే ఆయన కింద నుంచి మొదలుపెట్టి సగంలో ఆగి, "నన్ను ఎలా తీసేస్తారో తెలిసిందండీ. ఇక పనేమిటో చెప్పండి" అన్నారట మేనేజరుతో. తలనొప్పి మాత్ర కొంటే లోపలి చీటీ కూడా అంతే. దురద, వాంతులు, కళ్ళు తిరగడం ఒక్కొక్కటే దాటుకుంటూ తలనొప్పి అన్న మాట దగ్గరికి చేరేసరికి నొప్పి దానంతటదే పోయేది.

అందరికన్నా ఎక్కువ నష్టపోయింది బైండింగక్క. కుట్టు విభాగానికి ఆమే పెద్ద. డిటెక్టివ్ నవలలు కుట్టడానికి వచ్చినప్పుడల్లా టీ వేళ నాలుగు పేజీలు చదువుకోవడం ఆమె సరదా. ఈయన తలుపు దగ్గర నిలబడి, "డాక్టరేనమ్మా చంపింది" అని చెప్పి వెళ్ళిపోయేవారు. పాతికేళ్ళలో నలభై మంది హంతకుల్ని అలా పట్టించారు. ఒకసారి ఆమె రెండు నెలలు మాట్లాడటం మానేసింది. ఆ సంగతి ఆయనకు మూడో నెలలో తెలిసింది.

అచ్చాఫీసు ఆ నెలాఖరుకి మూసేస్తున్నారు. పద్నాలుగు మంది పనివాళ్ళకీ ఇన్నేళ్ళుగా పోగైన రిటైర్మెంటు సొమ్ము ఏ మ్యూచువల్ ఫండులో ఎంత, ఏ బాండులో ఎంత పెట్టాలో ఎవరికి వారే ఫారంలో రాసివ్వాలి. గురువారం నాలుగు గంటలు గడువు. దాటితే మొత్తం సొమ్ము షేర్ల ఫండులోకి పోతుంది, ఏడాది దాకా కదిలించడానికి లేదు. మనిషికి ఒకటే ఫారం, దాని మీద నంబరు గుద్ది ఉంటుంది. పాడుచేసుకుంటే ఇంకోటి రాదు.

ఆ గురువారం రెండున్నరకి బైండింగక్క ఫారం చివరిపేజీ గారి బల్ల మీద ఉంది. కలం అడగడానికి వెళ్ళి చేజేతులా ఇచ్చుకుంది. "ఒక్కసారి చూసిస్తాను" అన్నారాయన. ఆయన ఒక్కసారి అంటే ఏమిటో ఆమెకు తెలియనిది కాదు, కానీ అప్పటికే ఫారం తిరగబడిపోయింది.

"ప్రూఫు గారూ, ఇందులో తప్పులు దిద్దేదేం లేదండీ. టై గారే అన్నీ పెన్సిల్‌తో టిక్కులు పెట్టిచ్చారు. నేను సంతకం పెట్టడమే మిగిలింది."

టై గారంటే ఫండు కంపెనీ పంపిన సలహాదారు. ఎండాకాలంలో కూడా మెడకు టై బిగించుకుని, వారం నుంచి మేడ మీద మేనేజరు గదిలో మకాం వేశాడు.

"సగం వృద్ధి ఫండు, సగం ఎనిమిదేళ్ళ బాండు" అని గొణిగారు చివరిపేజీ గారు. "ఎనిమిదేళ్ళేమిటమ్మా?"

"వడ్డీ దానికే ఎక్కువటండీ."

ఫారంతో పాటు ఇచ్చిన నిబంధనల పుస్తకం అట్ట వెనక్కి తిప్పి, స్కేలు ఆనించి, భూతద్దం పెట్టుకున్నారాయన. మూడయింది. కటింగ్ మిషన్ ఆయన తన ఫారం ఇచ్చేసి చేతులు దులుపుకుంటూ వెళ్ళాడు. బైండింగక్క గడియారం చూసింది. తలుపు దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళు సూదులు గుచ్చుకుంటూ కూడబెట్టిన సొమ్ము ఈ మనిషి భూతద్దం కింద నలిగిపోతోంది.

మూడుంబావుకి ఆమె సహనం చచ్చింది. "అయ్యా, మీకు దణ్ణం పెడతాను! అసలు మొత్తం ఎన్ని పేజీలండీ?"

"ఇరవై రెండు."

"ఎన్ని చదివారు?"

"రెండు."

ఆమె ఫారం పట్టుకుని లాగింది. ఆయన వదల్లేదు. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని ఉండగా, చిరిగితే ఇంకోటి లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఒకేసారి వదిలేశారు. అది బల్ల కింద పడింది.

ఆయన వంగి తీసి, దుమ్ము దులిపి, మెల్లగా అన్నారు. "ఈ పుస్తకం ఎవరేశారో చూశారా? మనమే. మొన్న చలికాలంలో ప్రూఫు నేనే దిద్దాను. ఒక్క అక్షరం తప్పు లేదు. అందుకే నాకు భయంగా ఉంది."

"తప్పు లేకపోతే భయమెందుకండీ?"

"మాట వెనక మాటగా చదివానమ్మా. స్పెల్లింగే చూశాను. చెప్పిందేమిటో చూడలేదు. చూడకుండానే అచ్చుకి పంపేశాను."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా ఎప్పుడూ వినలేదు.

"సరే, చెప్పండి. హంతకుడెవరు?"

"ఎనిమిదేళ్ళ బాండు" అన్నారాయన తడుముకోకుండా. "చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. గడువుకి ముందు తీస్తే వడ్డీ రాదు, అసల్లో కూడా కోత. మీ ఆయన మోకాళ్ళ ఆపరేషను ఎప్పుడు?"

ఆమె ఉలిక్కిపడింది. వాళ్ళాయన దర్జీ. కాలితో తొక్కే మిషన్ మీదే ఒళ్ళు హూనం చేసుకున్నాడు. ఆపరేషను మాట ఎప్పుడో టీ దగ్గర ఒక్కసారి నోరు జారి ఉంటుంది. "రెండేళ్ళలో చేయించమన్నారు" అంది.

"మరి అప్పుడు డబ్బు ఈ బాండు కడుపులో ఉంటుంది. హంతకుడికి తోడుదొంగ కూడా ఉన్నాడు. ఈ వృద్ధి ఫండు లాభమొచ్చినా నష్టమొచ్చినా ఏటా ఖర్చుల కింద నూటికి రెండు కోసుకుంటుంది. అదే జాబితాలో అడుగున ఇంకో షేర్ల ఫండుంది, దాని ఖర్చు అందులో పదో వంతు."

ఆయన రబ్బరు తీసి టై గారి టిక్కులన్నీ చెరిపేశారు. ఆపరేషనుకి కావలసింది రెండేళ్ళ బాండులో. ఆ తర్వాత ఏటా ఒకటి చేతికొచ్చేలా ఇంటి ఖర్చుకి చిన్న చిన్న బాండ్లు. పదేళ్ళు ముట్టనక్కర్లేనిది మాత్రం చవక ఫండులో. పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఫారం ఆమె ముందుకు తోశారు. "పడిపోతే షేర్లే పడతాయి. మోకాళ్ళు పడిపోకూడదు. నచ్చితేనే సంతకం పెట్టండి, నా మాట మీద వద్దు."

ఆమె మొదటి నుంచి చదివింది. మళ్ళీ చదివింది. గుర్తుల మీద సిరాతో దిద్ది సంతకం పెట్టింది. మూడు నలభై ఐదు.

మేనేజరు గదిలో టై గారు ఫారం చూసి నిట్టూర్చాడు. "మీ అన్నయ్య గారు చెప్పినట్టే చేశారన్నమాట."

తోడబుట్టినవాళ్ళే లేని ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. "ఏమన్నాడేమిటి మా అన్నయ్య?"

"వారం నుంచి రోజూ పదింటికి ఫోనండీ! గడువుకి ముందు తీస్తే ఎంత కోత, ఖర్చు ఎంత, మా బావగారి మోకాళ్ళకి ఎలా అని ఒకటే పోరు. ఏ ప్రశ్నైనా చివరి పేజీ నుంచే మొదలుపెడతారు." టై వదులు చేసుకున్నాడు. "మీకేనా? అచ్చు మిషన్ ఆయనకి పెద్దనాన్నట, కటింగ్ ఆయనకి బాబాయట, వాచ్‌మన్‌కి మేనమామట. పదమూడు మందికీ పదమూడు మంది పెద్దవాళ్ళు. చిత్రమేమిటంటే అందరి గొంతూ ఒకటే!"

బైండింగక్కకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నలభై మంది హంతకులనూ ఆ క్షణాన క్షమించేసింది. "మరి ప్రూఫు గారి తరఫున ఎవరు ఫోను చేశారు?"

"ఎవరూ లేరండీ. అసలు ఆయన ఫారమే ఇంకా రాలేదు."

గోడ గడియారంలో మూడు యాభై రెండు. ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు.

చివరిపేజీ గారు పెన్సిలు చెక్కుకుంటున్నారు. ఎదురుగా ఫారం నిండుగా ఉంది.

"అయిపోయింది. మీకు రాసినట్టే నాకూ దించేశాను" అన్నారు తీరిగ్గా. "ఇంకో ఇరవై పేజీలు చదివే టైమేదీ?"

"మీకు మోకాళ్ళ ఆపరేషను లేదు కదండీ!"

"ఇప్పుడు ఆ మెట్లెక్కి పరిగెత్తితే వస్తుంది."

"మీరు కదలకండి" అంటూ ఆమె ఫారం లాక్కుని, గుమ్మం దాటబోతూ, ఎందుకో ఆగి చివరి పేజీ తిప్పింది. అట్టడుగు వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. మొదటి వరసలోనే పట్టేసింది.

"ప్రూఫు గారూ! సంతకమేదండీ?"

ఆయన భూతద్దం పెట్టుకుని మరీ చూశారు. ముఖం ఎర్రబడింది. "చివరి పేజీలో... నేనే..."

"పెట్టండి ముందు!"

ఆమె మళ్ళీ మేనేజరు గదిలో పడేసరికి టై గారు సంచి సర్దుకుంటున్నాడు. మూడు యాభై తొమ్మిది. ఫారం అందుకుని, ముద్ర వేసి, ఆయాసపడుతున్న ఆమెను అనుమానంగా చూశాడు.

"ఆయన రాకుండా మీరొచ్చారేమిటి? ఆయనకి మీరేమవుతారండీ?"

"చెల్లెల్ని" అంది బైండింగక్క.