మా ఇంట్ల సావుల ఆట

ఆ రోజుల్ల మా కోరుట్లకు తొవ్వలన్నీ ఉండె గని బస్సులు లేకుండె. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తుండె. బస్సులు బంద్, బడులు బంద్, కరెంటు ఎప్పుడు వస్తదో ఎప్పుడు పోతదో దానికే తెల్వది. నేను అప్పుడే ఓ ప్రైవేటు బడిల కొత్త టీచరమ్మనైన. (చీర కట్టుడు సుత సక్కగ రాకపోవు, కుచ్చిళ్లన్ని పిన్నీసుల మీద బతుకుతుండె.) ఊరందరి పిల్లలకు చదువు చెప్పి ఉద్ధరిద్దామని ఉరికినదాన్ని, ఉరికినంత సేపు పట్టలే, మల్ల ఇంట్లనే కూసున్న. ఇప్పుడు ఎవలన్న ఆ సమ్మె ముచ్చట తీస్తే అందరికి జెండాలు, ఊరేగింపులు యాదికొస్తయి. నాకు మాత్రం మా ఇంటి అరుగు, దాని మీద పరిచిన చాప, ఆ చాప మీద వరుసపెట్టి సచ్చిన ఇంగ్లీషు దొరలు యాదికొస్తరు.

ఆ దొరలను తెచ్చింది మా బావ. జగిత్యాల మేనత్త కొడుకు, హైదరాబాదుల కంప్యూటర్ల కొలువు. ఊరికొచ్చి, జగిత్యాలల తోచక, బండేసుకొని మా ఇంటికొచ్చిండు. (తోచక అని ఆయనన్నడు. నన్ను చూడనీకి అని నేననుకున్న. ఆయన చెప్పిందే నిజమని తర్వాత తేలింది.) బ్యాగుల నుంచి ఇంగ్లీషు దొరల బొమ్మలున్న కార్డుల డబ్బా తీయంగనే మా నాయనమ్మ బీడీలు చుట్టుడాపి, "మా ఇంట్ల పేకలు ముట్టరని ఎర్కలేదారా కొడుకా?" అని గయ్యిమన్నది. "పేకాట కాదు అమ్మమ్మా, కత చెప్పుడాట" అన్నడు బావ. ఒక్కొక్కలకు ఒక్కో కుటుంబం పంచుతరట. నీ కుటుంబాన్ని నువ్వే కష్టాలపాలు చెయ్యాలె. ఏ కష్టం ఎట్లొచ్చిందో కత చెప్పాలె. మస్తు ఏడిపిచ్చి, ఆఖరికి సంపాలె. ఎవలోళ్లు ఎక్కువ గోసపడి సస్తే వాళ్లు గెలిచినట్టు. పక్కోళ్లు ఊకుంటరా? నీవాళ్లకు పెండ్లిళ్లు చేస్తరు, కడుపునిండ తిండి పెడ్తరు, నీ ఆట ఖరాబు చేస్తరు.

"థూ! బతుకమ్మ పండుగ ముంగట సావుల ఆటేందిరా!" అన్న నాయనమ్మనే మొదలు వచ్చి కూసున్నది. కార్డు మీద బక్కపిల్ల బొమ్మ చూసి, "గీ పిల్లకు అన్నం పెట్టిన" అన్నది. అన్నం పెడితే ఓడిపోతవంటే, "ఓడిపోతే పోయిన. ఆకలిమీదున్న పిల్లను ఎట్ల సంపుదునే?" అని నన్నే కోపం చేసింది. గని రెండు రోజులు పోయినంక చూడాలె ఆమె చెయ్యి! "గీ ముసలోడు బాయిల పడ్డడు. పడ్డోడు సావలే. తీద్దామని దిగిన అల్లుడు సచ్చిండు. గా అల్లుని దినాలల్ల గారె గొంతుకు అడ్డంపడి ముసలోడు సచ్చిండు." మేం నవ్వే నవ్వుకు ఆమె చాటల తంబాకు చాపంత పడ్డది. నాతోటి బడిల పనిచేసే దోస్తు సుత బస్సుల్లేక మా ఇంట్లనే చిక్కుకుపోయింది. సిరిసిల్ల పిల్ల, వాళ్ల నాయిన కరెంటు సాంచల మీద బట్ట నేస్తడు. ఆమె ఏ కత చెప్పినా మనిషి ఒకతీరుగనే సస్తుండె: "కరెంటు వచ్చేదాక బతుకుదామనుకున్నడు. రాలే."

మా వదిన ఒక్కతే ఆటకు రాకపోవు. పెండ్లయి పచ్చగ నెల తిరగకముందే మా అన్న దుబాయి పోయిండు. ఆమె దర్వాజకు ఒరిగి చూసుడే గని ఒక్క మాట మాట్లాడది. ఆనాడు పొద్దుగాలనే అమ్మ సమ్మెకని రోడ్డు మీద పెట్టిన వంటావార్పుకు పోయింది. అదునుచూసి వదినను గుంజుకొచ్చి కూసోబెట్టినం. ఆమెకు పెట్టె పట్టుకున్న టోపీ దొర వచ్చిండు. చాన సేపు ఆ బొమ్మనే చూసింది. "ఈయన దుబాయి పోయిండు" అన్నది మెల్లగ.

"పోంగ పోంగ పెట్టెల మామిడికాయ తొక్కు సీసా పలిగింది. బట్టలన్ని నూనె. ఆడ రూముల ఎవలు దగ్గరికి రానియ్యలే, తొక్కు వాసనొస్తున్నవని. ఎండల పని. ఫోన్ల మాత్రం ఏసీల కూసున్న అంటడు. ఇంటికాడున్న పెండ్లానికి అది ఎర్కనే. ఆమె సుత నేనీడ మంచిగనే ఉన్న అంటది. గట్ల ఒకలికొకలు అబద్ధాలు చెప్పుకుంట చెప్పుకుంట, ఓనాడు ఎండ తాకి సచ్చిండు" అని సావు కార్డు వేసింది.

ఇంకేమున్నది, ఆట ఆమెదే. సిరిసిల్ల పిల్ల బోరుమన్నది. "అయ్యో, దుబాయాయన సచ్చిండే!" అని మొత్తుకున్నది. అదే గడియల గోడవతల రేడియో అత్త బట్టలారేస్తున్నది. (ఆమె ఒక ముచ్చట వింటే ఊరంత విన్నట్టే, అందుకే ఆ పేరు.)

కొంచెం సేపైనంక గల్లీల అరుపు. చూస్తే మా అమ్మ, చేతుల గంటె పట్టుకొని, "నా కొడుకా!" అని ఉరికొస్తున్నది. ఎనుక రేడియో అత్త, ఆ ఎనుక వంటకాడి ఆడోళ్లంత. వాళ్లను చూసి నాయనమ్మ చేతుల కార్డు పట్టుకొనే లేచి, "ఎవలు సచ్చిండ్రే?" అని అడిగింది. బావ కార్డులు చూపెట్టుకుంట అంత చెప్పిండు. అమ్మ వింటే గద! "నా కొడుకు గొంతు ఇనిపియ్యిండ్రి" అని కూలబడ్డది. ఫోన్ల ఛార్జింగు రవ్వంతనే మిగిలున్నది. మిస్డ్ కాల్ ఇచ్చి అందరం దాన్నే చూసుకుంట నిలబడ్డం. అంతమంది ఆడోళ్లు అంత సప్పుడు లేకుంట ఉండుడు నేను మల్లెప్పుడు చూడలే.

మోగింది. బావ స్పీకరు పెట్టిండు. "ఏందే గీ యాళ్ల? డ్యూటీల ఉన్న." నాయనమ్మ వంగి, "నువ్వు సచ్చినవట బిడ్డా, నిజమేనా?" అని అరిచింది.

"ఇంకా సావలే నాయనమ్మా."

అందరం ఒక్కసారే నవ్వినం, ఏడ్సినం. సంగతి ఇని అన్న సుత కడుపుబ్బ నవ్విండు. నవ్వుడాపి, "నా కోసం గంతమంది ఉరికచ్చిండ్రా?" అన్నడు. "ఆమె ఉన్నదా?" అన్నడు. వదిన చేతికి ఫోనిచ్చినం. స్పీకరు ఆపుడు ఆమెకు రాదు. ఆపుడు తెలిసిన బావేమో ఏం ఎరగనట్టు మొగులు దిక్కు చూస్తున్నడు.

"గెలిచేదాన్ని" అన్నది వదిన. "నువ్వు బతికి ఓడగొట్టినవ్."

ఆయన నవ్వలే. ఆమెనే మల్ల అడిగింది: "ఏసీల ఉన్నవా?"

"లే. ఎండల ఉన్న."

"నేను సుత మంచిగ లేను" అన్నది వదిన. అంతల ఫోను బందయింది.

రోడ్డు మీది వంట గంజు మా అరుగుకే తెప్పిచ్చి, ఆనాడు అందరం దొరల మధ్యల కూసోనే తిన్నం. తెలంగాణ రాంగనే అన్న వస్తడని అనుకున్న. తెలంగాణ వచ్చింది. అన్న ఇంకెన్నో ఏండ్లకు గని రాలే. నాయనమ్మ పోయింది, బాయిల పడలే, గారె అడ్డంపడలే, నిద్రలనే పోయింది. సిరిసిల్ల పిల్ల ఏడున్నదో తెల్వది. ఆనాటి కొత్త టీచరమ్మేమో రోజు పొద్దుగాల లేసి, బడి ఎప్పుడు తెరుస్తరా, నా బతుకెప్పుడు మొదలైతదా అని తొవ్వ చూస్తుండె. పిచ్చి పిల్ల. ఇంకొన్నాళ్లు తెరవకుంటే ఎంత బాగుండు.