టీచరమ్మ ఆకలి

మా వాడ అంగన్‌వాడీ టీచరమ్మ మొన్న పొద్దున పోయింది. పక్కింటామె వచ్చి చెబితే, "అయ్యో, అన్నం తిన్నదా?" అన్నాను. పోయిన మనిషి గురించి అడిగే మాటేనా అది! ఎందుకలా అన్నానో నాకిప్పటికీ తెలియదు. మీకు చెప్పుకుంటేనైనా తెలుస్తుందేమోనని రాస్తున్నాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ముందుగదిలో మరమగ్గాలు, వెనక వంట. కడుపుతో ఉన్నానని తెలిసిన రోజునుంచీ మా అత్తమ్మ నాకు అన్నం తగ్గించింది. "నిండ తింటే పిల్ల లావైతది, కానుపుల నీ పానం మీదికొస్తది" అనేది. చెడ్డమనిషి కాదు. తన సొంత చెల్లెలు లావుపాటి బిడ్డను కనలేక కళ్లముందే పోయింది, ఆ భయం. కొండగట్టు అంజన్నకు నా పేరున మొక్కింది గానీ గరిటె మాత్రం నింపలేదు. నా మొదటి పాప పిడికెడంత పుట్టి, పదకొండో రోజున పోయింది. పేరు కూడా పెట్టలేదు.

రెండోసారి నాకు నాలుగో నెల రాగానే టీచరమ్మ రావడం మొదలుపెట్టింది. అదీ సరిగ్గా మధ్యాహ్నం అన్నం వేళకు. మగ్గాల చప్పుడులో వినబడదని వాకిట్లోంచే అరిచేది.

"అక్కా, ఆకలైతుంది! జర గింత అన్నం పెట్టు!"

ఇంటికొచ్చి అడిగినామెను అత్తమ్మ ఎట్లా కాదంటుంది? వడ్డిస్తే, "ఒక్కదాన్నే తింటే మంచిగుంటదా? కోడల్ని గూడ కూసోబెట్టు" అనేది. కంచం ముట్టకముందే సగం నా కంచంలోకి తోసేసేది. అత్తమ్మ అటు తిరగగానే, "కడుపులున్న పసిదానికి అడగరాదు బిడ్డా, దాని కోసం నువ్వే అడుగాలె" అనేది మెల్లగా. అడిగే ధైర్యం నాకేదీ?

వాడంతా ఆమెను తిండిపోతు టీచర్ అన్నారు. ఆమె పెట్టించిన అన్నం తింటూనే నేనూ నవ్వాను. కడుపుతో ఉన్న పిల్ల ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లోనే ఆమెకు ఆకలేస్తుందని ఒక్కరికీ తట్టలేదు. నా కొడుకు బొద్దుగా పుట్టాడు. టీచరమ్మ వచ్చి చూసి, "మంచిగున్నడు" అని, అన్నం అడక్కుండానే వెళ్లిపోయింది. మళ్లీ మా ఇంట భోజనానికి రాలేదు. మేమేం తప్పు చేశామని నాకు కోపం కూడా వచ్చింది.

మొన్న శవం దగ్గర ఆమె కూతురు ఏడుస్తూ అంది: "మా అవ్వ పొద్దున తిని పోతే మల్ల రాత్రికే. నడుమ తింటే కడుపునొప్పితోని మెలికలు తిరిగేది."

పక్కనున్న ముసలామె ఊరుకోలేదు. "ఏందే, మా ఇంట్ల రెండుసార్లు పెట్టించుకున్నది గదా!"

ఇద్దరూ నావైపు చూశారు. మా ఇంట్లో మామిడికాయ తొక్కు అన్నంలో కలుపుకొని వేళ్లు నాకేది. అదంతా నటనా? ఇంటికి పోయి నొప్పితో పడుకునేదా? లేక ఒక్కరోజైనా నిజంగానే ఆకలయ్యేదా? రెండు వీధుల అవతలే ఉన్న మనిషిని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఏడుపు వచ్చింది గానీ ఎవరికోసమో, ఎందుకో తెలియలేదు.

ఇప్పుడు నా కోడలికి ఆరో నెల. కడుపులో పిల్ల బాగా పెరుగుతోందని నిన్న దవాఖానలో చెప్పారు. నాకు సంతోషం కలగాలి కదా! "పిల్ల లావుంటే కోసి తీస్తరు" అని వాడలో ఎవరో అన్న మాటే పట్టుకుంది నన్ను.

ఈరోజు మధ్యాహ్నం కోడలికి వడ్డించాను. ఒక గరిటె వేశాను. రెండోది నింపాను. కంచం మీదికి పోయి నా చేయి ఆగింది. ఆకలికి ఏడ్చి, బిడ్డను పోగొట్టుకున్నదాన్ని, నా చేయే! వెయ్యడానికీ రాదు, వెనక్కి తియ్యడానికీ రాదు.

కోడలు తల వంచుకొని, కంచంలో ఉన్న అన్నాన్ని వేళ్లతో ఒక పక్కకు జరుపుతూ చోటు చేస్తోంది.